ఎకరన్నర అమ్మి సీఎస్‌ఈ సీటు కొనాలా?

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లె. మూడెకరాలు, రెండు గేదెలు. పొలం పని లేనప్పుడు కూలికి వెళ్తాను, మా ఆవిడ మిషను కుట్టి చిల్లర తెస్తుంది. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. వచ్చిన ర్యాంకుకి కన్వీనర్ కోటాలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్) కష్టం. ఎకరన్నర అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొందామంటే వాడు డెయిరీ టెక్నాలజీ అంటాడు. వ్యవసాయంలో ఏమీ మిగలదు, వాడు కూడా ఆ పేడలోనే బతకాలా? రెండింట్లో ఏది మేలు?

జవాబు: కొడుకు మీలా కష్టపడకూడదన్నదే మీ భయం. చాలామంది తండ్రులు ఇదే అడుగుతారు, అది న్యాయమైన భయమే. కానీ ఏమీ మిగలకపోతే ఇల్లు ఇన్నాళ్లూ ఎలా నడిచింది? 2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో రైతు కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో కూలి, జీతాలవి 4,063, పంటది 3,798, పశువులది 1,582. అంతకుముందు 2012-13 సర్వేలో పంటదే పెద్ద వాటా. మీ ఇల్లూ ఇలా పొలం, గేదెలు, కూలి, కుట్టుమిషను అనే నాలుగు వైపుల నుంచి వచ్చే డబ్బుతోనే నిలబడింది. మీ ఆవిడ సంపాదనను చిల్లర అనడం నాకు నచ్చలేదు. పంట డబ్బు చేతికి రాని నెలల్లో కూరగాయలు, కరెంటు బిల్లు దేనితో గడిచాయో ఆవిడనే అడగండి.

ఎకరన్నర పోతే పంటతో పాటు గేదెల మేత కూడా తగ్గుతుంది, పాల డబ్బూ తగ్గుతుంది. సీఎస్‌ఈ చెడ్డదని అనను. కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీలు అన్ని ఏళ్లూ ఒకేలా తీసుకోవు, తగ్గించినప్పుడు ముందు దెబ్బ తినేది పేరులేని కాలేజీలే. డబ్బు కట్టి కొన్న సీటుకి ఉద్యోగం హామీ కాదు. అసలు వాడికి కోడింగ్ ఇష్టమో కాదో మీరు ఒక్క ముక్క రాయలేదు. ఊళ్లో ఎవరో సీఎస్‌ఈలో చేరారని మీ పొలం అమ్ముతారా?

డెయిరీ టెక్నాలజీ అంటే పేడ ఎత్తడం కాదు. పాలు చల్లబరచడం, ప్రాసెసింగ్, నాణ్యత పరీక్షలు నేర్పే బీటెక్ అది. ఎంపీసీ వాళ్లకు తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో ఉంది. సీట్లు తక్కువ, కాబట్టి బాపట్లలోని ఫుడ్ టెక్నాలజీ, అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ కూడా ఆప్షన్లలో పెట్టించండి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు. అయినా చదువయ్యేసరికి పొలం మీ చేతిలోనే ఉంటుంది, ఇష్టపడి చదివిన కుర్రాడు నిలదొక్కుకుంటాడు. టెన్షన్ పడకండి.

ఫీజుకు 4 లక్షల దాకా విద్యా రుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదు, ముందు అది కనుక్కోండి. సీట్ల కౌన్సెలింగ్ పూర్తయ్యేదాకా పొలం మీద ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోవద్దు.