ల్యూపోల్డా, వోర్టెక్సా అని అడిగే ముందు రింగుల స్క్రూలు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: టెక్సాస్‌లో తెల్లతోక జింకల వేటకి మొదటిసారి వెళ్తున్నారు, .308 రైఫిల్ కొన్నారు, దాని మీద బిగించి గురి చూసే దుర్భిణికి, అంటే స్కోప్‌కి, 400 డాలర్లు పక్కన పెట్టారు. ల్యూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ 3-9×40 తీసుకోవాలా, వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ 4-12×40 తీసుకోవాలా తేల్చుకోలేకపోతున్నారు. (3-9 అంటే మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దది చేసి చూపించే పవర్, 40 అంటే ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో.)

రెండూ మంచివే. నన్ను ఒకటే ఎంచమంటే ల్యూపోల్డ్ అంటాను, ఎందుకో చెప్తాను. కానీ మీ ప్రశ్న రెండుసార్లు చదివాక నాకు గుచ్చుకున్న విషయం వేరే. ఆ 400లో స్కోప్‌ని పట్టి ఉంచే రింగులకి ఎంత? ఆ రింగుల్ని రైఫిల్‌కి కలిపే బేస్‌కి ఎంత? గురి సరిచూసుకోవడానికి కాల్చే తూటాలకి ఎంత? వాటి ఊసే లేదు. ఏడేళ్ళ క్రితం నేను స్కోప్ కొన్నప్పుడు కూడా ఆ ఊసు లేదు. దాని ఫలితం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

నవంబర్ రెండో వారం. లానో కౌంటీలో ఒకాయన పొలం, వేటకి రోజుకింత అని తీసుకుంటాడు. ఆస్టిన్‌లో ఉండే మా మేనత్త కొడుకు, మా బావ, అంతకుముందు నాలుగైదు సీజన్లు వేటాడినవాడు. నాకు అదే మొదటిది. చుట్టూ ఓక్ చెట్లు, మెస్కీట్ పొదలు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, ఆకు చూస్తే ఊరు గుర్తొస్తుంది. మేం కూర్చున్న బ్లైండ్ కూడా అంతే, నాలుగు పక్కలా చెక్కలు కొట్టిన మంచె. చిన్నప్పుడు ఖమ్మం దగ్గర మా తాతయ్య మొక్కజొన్న చేలో మంచె కట్టి, రాత్రంతా రేకుడబ్బా కొడుతూ అడవిపందుల్ని తరిమేవాడు. ఆ మంచె మీద ఆయన పక్కన పడుకున్నవాణ్ణి నేను. ఈ మంచె మీద రైఫిల్ పట్టుకుని కూర్చుంటే ఒళ్ళు గగుర్పొడిచింది.

ఐదున్నర దాటాక పొద్దు గుంకింది. టెక్సాస్‌లో సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే కాల్చొచ్చు. ఇంకో పది నిమిషాలుందనగా పొదల్లోంచి ఒక మగజింక బయటికొచ్చింది, సుమారు వంద గజాల దూరం. స్కోప్‌లో చూశాను. బూడిదరంగు ముద్ద తప్ప ఏమీ కనపడలేదు. తల ఎటుందో, భుజం ఎటుందో తెలియలేదు. బావ చెవిలో గుసగుసగా "పవర్ తగ్గించు బావా, తొమ్మిది మీద పెట్టుకున్నావు" అన్నాడు. స్కోప్ మీద పవర్ మార్చే రింగుని వెనక్కి తిప్పి నాలుగుకి తెచ్చాను. ఎవరో లైటు వేసినట్టయింది. చెవులు, కొమ్ములు, భుజం వెనక ముడత కూడా కనపడ్డాయి. అదే స్కోప్, అదే అద్దం, అదే క్షణం.

ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాను. జింక ఒక్క ఎగురు ఎగిరి పొదల్లోకి దూరిపోయింది. తూటా ఒంటికి తగిలితే తడిబట్ట నేలకేసి కొట్టినట్టు ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు రాలేదని బావ అప్పుడే అన్నాడు, నేను ఒప్పుకోలేదు. గురి అంత బాగా కుదిరింది మరి. రాత్రి తొమ్మిది దాకా టార్చిలైట్లు పట్టుకుని వెతికాం. ఒక్క రక్తపు చుక్క లేదు, ఒక్క వెంట్రుక లేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఏ పొదలోనో కడుపులో తూటాతో పడుకుని ఉందేమో అన్న ఆలోచన నన్ను నిద్రపోనివ్వలేదు. వేటాడేవాడు ఒక ప్రాణికి బాకీ పడేది అక్కడే. చంపితే ఒక్క క్షణంలో చంపాలి, లేదా వదిలేయాలి.

తెల్లవారాక మళ్ళీ వెళ్ళాం. జింక నిలబడ్డ చోటికి వెనకాల మట్టిగట్టు, గట్టుని ఆనుకుని ఒక ఓక్ చెట్టు. చెట్టు మొదట్లో బెరడు లేచిపోయి తెల్లటి చెక్క కనపడుతోంది, నడుమ తూటా రంధ్రం. జింక భుజం ఉండాల్సిన చోటికి జానెడున్నర కుడికి ఉంది. దానికి తగలలేదు. అక్కడే కూర్చుండిపోయాను, కళ్ళలో నీళ్ళొచ్చాయి.

తర్వాత కాగితం పెట్టి వంద గజాల నుంచి మూడు కాల్చాను. మూడూ కుడికే పడ్డాయి, కానీ మూడూ మూడు చోట్ల. బావ రైఫిల్ తీసుకుని, బోల్టు తెరిచి ఖాళీ అని చూసుకుని, స్కోప్‌ని ఒక చేత్తో పట్టుకుని మెల్లగా ఊపాడు. కదిలింది! కంటికి కనపడేంత కాదు, వేలికి తెలిసేంత. ముందు బేస్ స్క్రూకి కీ పెడితే బలం పెట్టక్కర్లేకుండా తిరిగింది. రింగులు విప్పి చూస్తే, స్కోప్ గొట్టం నల్లటి పూత మీద బియ్యపుగింజంత పొడవున తెల్లటి గీత. కాల్చిన ప్రతిసారీ రైఫిల్ వెనక్కి తంతుంది, స్కోప్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, రింగుల పట్టు చాలకపోతే జారుతుంది. అదే గీత.

ఆ స్కోప్‌ని బిగించింది నేను కొన్న కొట్టువాళ్ళు, ఉచితంగా. పేరు చెప్పను. "బోర్‌సైట్ చేసేశాం, ఇక రెడీ" అని చేతిలో పెట్టారు. బోర్‌సైట్ అంటే కాల్చకుండానే రైఫిల్ గొట్టానికీ స్కోప్‌కీ సుమారుగా గురి కలపడం. నేను రేంజ్‌లో నాలుగు తూటాలు కాల్చి, నడిమధ్యన పడ్డాయని సంతోషపడి ఆపేశాను. తర్వాత డల్లాస్ నుంచి నాలుగు గంటలు ట్రక్కులో కుదుపులు. వేటరోజు పొద్దున ఒక్క తూటా కాగితం మీద కాల్చి చూసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

కొత్త బేస్, కొత్త రింగులు కొని, మేమే బిగించాం. ఆ స్కోప్ ఈ రోజుకీ ఆ రైఫిల్ మీదే ఉంది, గురి ఒక్కసారి కూడా తప్పలేదు. అప్పటిదాకా నేను స్కోప్‌ని తిట్టుకుంటున్నాను, ఈ కంపెనీది కాకుండా ఆ కంపెనీది కొనాల్సిందని. అందుకే "ఏ బ్రాండ్" అన్న ప్రశ్న ఎక్కడ కనపడినా నాకు ముందు స్క్రూలు గుర్తొస్తాయి. బ్రాండ్‌ని తిట్టుకునేవాళ్ళలో సగం మంది స్కోప్ కింద వదులుగా ఉన్న స్క్రూ ఒకటి ఉంటుందని నా గట్టి నమ్మకం.

కాబట్టి ఒక టార్క్ రెంచ్ కొనండి, స్క్రూ ఎంత బలంగా బిగిసిందో కొలిచి చూపించే రెంచ్ అది. తుపాకుల కోసం చిన్నవి అమ్ముతారు, ఇంచ్-పౌండ్లలో చూపిస్తాయి. రింగుల పైస్క్రూలకి చాలా కంపెనీలు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు అని రాస్తాయి. మీ రింగుల డబ్బాలో కాగితం ఏమంటే అదే పాటించండి. చేతి అంచనాతో బిగిస్తే వదులైనా అవుతుంది, లేదా గొట్టం నలిగి లోపలి అద్దాల అమరిక చెడుతుంది. ఒక పక్కే పూర్తిగా బిగించకుండా అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా తిప్పాలి, రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి. బేస్ స్క్రూలకి నూనె మరక లేకుండా తుడిచి, స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే నీలం రంగు లాక్‌టైట్ జిగురు ఒక చుక్క వేయండి. బిగించాక స్క్రూ తల మీదుగా రింగు మీదికి తెల్ల మార్కర్‌తో సన్నటి గీత గీయండి. స్క్రూ కదిలితే గీత తెగి కనపడుతుంది. రూపాయి ఖర్చు లేని పని ఇది.

ఇక ల్యూపోల్డ్ ఎందుకన్నానంటే, దాని కింది పవర్ 3 నుంచి మొదలవుతుంది. అంతే, పేరు చూసి కాదు. ముందు అద్దం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే మీ కంటికి చేరే వెలుగు వృత్తం ఎంతో తెలుస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు. 4తో భాగిస్తే 10. మసకచీకట్లో వయసులో ఉన్నవాళ్ళ కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, నలభై దాటాక అంత తెరుచుకోదు. అంటే 9 మీద మీ కన్ను అడిగినంత వెలుగు స్కోప్ ఇవ్వలేదు. 6 మీద 6.7 వస్తుంది, సరిపోతుంది. ఆ సాయంత్రం బావ నాచేత చేయించింది ఈ లెక్కే. జింకలు బయటికొచ్చేది తెలవారుతుండగా, పొద్దు గుంకుతుండగా. పొదల మధ్య ముప్ఫై గజాల్లో హఠాత్తుగా కనపడితే 4 కంటే 3 మీద చూపు వెడల్పుగా ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. లానో ఉండే హిల్ కంట్రీ ప్రాంతంలో వంద గజాలు దాటి కాల్చాల్సి రావడమే తక్కువ. మీకు 12 పవర్ ఎందుకు? వోర్టెక్స్ మీద మనసుంటే అందులోనే 3-9 కానీ 2-7 కానీ తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

వారంటీ చూసి వోర్టెక్స్ కొనేవాళ్ళు చాలామంది. నిజమే, జీవితకాలం, రసీదు అడగరు, చేతులు మారినా వర్తిస్తుంది. ల్యూపోల్డ్ కూడా జీవితకాలం హామీ ఇస్తుంది. రెండూ సమానమే అనుకోండి. కానీ వారంటీ పనిచేసేది స్కోప్‌ని పోస్టులో పంపాక. జింక ఎదురుగా నిలబడ్డ పది నిమిషాల్లో పనిచేసేది మీరు బిగించిన స్క్రూ.

1907లో ఒరెగాన్‌లో సర్వే పరికరాలు బాగుచేసే కొట్టుగా మొదలైంది ల్యూపోల్డ్. ఆ ఇంటి కొడుకు మార్కస్ ల్యూపోల్డ్ ఒకసారి వేటకెళ్తే స్కోప్ లోపల ఆవిరి పట్టి జింక తప్పిపోయిందట, ఇంతకంటే మంచిది నేనే చేస్తానని పట్టుబట్టి 1947లో మొదటి స్కోప్ తెచ్చారని కంపెనీవాళ్ళే చెప్పుకుంటారు. నాకు ఈ కథ ఇష్టం. తప్పిపోయిన జింక మనిషిని ఎలా పట్టి పీడిస్తుందో నాకు తెలుసు కాబట్టి నమ్ముతాను కూడా.

వీడియోల్లో స్కోపులు పోల్చేవాళ్ళ మీద నాకు చాలా కోపం. మిట్టమధ్యాహ్నం ఎండలో కెమెరా పెట్టి "ఎంత క్లియర్‌గా ఉందో చూడండి" అంటారు. మధ్యాహ్నం ఎండలో అన్నీ క్లియరే! కొట్లో ట్యూబ్‌లైట్ల కింద చూసినా అంతే. వీలైతే రెండు స్కోపుల్నీ సాయంత్రం కొట్టు బయటికి తీసుకెళ్ళి చూడనిమ్మని అడగండి, ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. రెండింటినీ ఒకే పవర్ మీద పెట్టి, నీడలో ఉన్న చెట్టు కొమ్మల్ని చూడండి. స్వరోవ్‌స్కీ, జైస్ లాంటి ఖరీదైన కంపెనీల అద్దాలు గొప్పవే, కాదనను. జైస్‌వాళ్ళు 1935లోనే అద్దం మీద వెలుగు తిరిగి కొట్టకుండా పూత కనిపెట్టారు, ఇవాళ ప్రతి స్కోప్ మీదా ఉండేది ఆ విద్యే. కానీ మొదటి సీజన్‌కి అంత డబ్బు పెట్టొద్దు.

మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా అయితే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవడమే నిషేధం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్స్ గడువు తీరితే మినహాయింపూ పోతుంది. ఈ విషయంలో స్నేహితుల మాట వినకుండా లాయర్‌ని అడగండి. 1971 సెప్టెంబర్ 2న కానీ, ఆ తర్వాత కానీ పుట్టినవాళ్ళకి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా తప్పనిసరి.

ఇంకొకటి, స్కోప్ కొన్నానని తెలిస్తే ఇండియా నుంచి ఎవరో ఒకరు "వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా" అంటారు. నన్ను ముగ్గురు అడిగారు. రైఫిల్ స్కోపుల మీద అమెరికా ఎగుమతి నియంత్రణలున్నాయి, సూట్‌కేస్‌లో పెట్టుకుని తీసుకెళ్ళే వస్తువు కాదది. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. నేను ముగ్గురికీ కుదరదని చెప్పాను, ఒకాయన ఇప్పటికీ మాట్లాడడు.

మీ 400లో 300 దాకా స్కోప్‌కి పెట్టి, మిగిలింది రింగులకి, రెంచ్‌కి, రెండు డబ్బాల తూటాలకి ఉంచండి. వేటలో ఏ తూటా వాడతారో అదే తూటాతో గురి సరిచేసుకోండి. నవంబర్ మొదటి శనివారం సీజన్ మొదలయ్యేలోపు రెండుసార్లు రేంజ్‌కి వెళ్ళండి, పొలం చేరాక ఇంకొక్కటి కాల్చండి. మీ రైఫిల్ మోడల్ ఏదో, పైన రైలు, అంటే బేస్‌గా పనిచేసే గాళ్ళ పట్టీ, బిగించే వచ్చిందో లేదో కింద రాయండి. రింగులు ఏ ఎత్తువి తీసుకోవాలో చూసి చెప్తాను.