హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఎంత దూరం, ఫ్లైట్‌లో ఎంతసేపు?

గాల్లో కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. డైరెక్ట్ ఫ్లైట్ అయితే వెళ్లేటప్పుడు దాదాపు 4 గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర.

దూరం ఒకటే కదా, ఈ అరగంట తేడా ఎక్కడిదంటారా? గాలి వల్ల. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి గట్టి గాలి వీస్తుంటుంది, చలికాలంలో మరీ జోరుగా, కాబట్టి దుబాయ్ వెళ్లేటప్పుడు అది ఎదురు తగులుతుంది, ఇటు వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.

టికెట్ చూసి మాత్రం లెక్కేయకండి, చాలామంది అక్కడే తికమకపడతారు. అందులో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు, దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. శంషాబాద్‌లో ఉదయం 10కి ఎక్కితే అక్కడ మధ్యాహ్నం 12:30కి దిగినట్టు ఉంటుంది, రెండున్నర గంటలేనా అనిపిస్తుంది గానీ అప్పటికి ఇక్కడ 2 అయ్యుంటుంది. తిరుగు ప్రయాణంలో అదే ఉల్టా: అక్కడ 10కి ఎక్కితే ఇక్కడ 3కి దిగుతారు, కాగితం మీద 5 గంటలు!

ఇంటర్నేషనల్ కాబట్టి 3 గంటల ముందే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. కూకట్‌పల్లి వైపు వాళ్లయితే ఔటర్ ఎక్కడమే మేలు, సిటీ మధ్యలోంచి వెళ్తే ఆ ట్రాఫిక్‌లో అనవసరమైన టెన్షన్.