బైపీసీ వాళ్లకు లెక్కలెందుకు?

ప్రశ్న: లెక్కలంటే భయపడి ఇంటర్లో బైపీసీ తీసుకున్నాను. ఇప్పుడు బీఎస్సీలో బయోస్టాటిస్టిక్స్ వచ్చిపడింది. మొక్కలూ జంతువులూ చదివేవాళ్లకు ఈ సూత్రాలతో పనేమిటి?
– డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీరు ఇంటర్లో చదివిన మెండెల్ దగ్గరే మొదలుపెడదాం. పాఠంలో గుండ్రని గింజలు, ముడతల గింజలు 3:1 అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆయన 1866లో అచ్చువేయించిన లెక్కలు అంత నున్నగా ఉండవు. 253 సంకర మొక్కల నుంచి 7324 బఠానీ గింజలు వస్తే అందులో 5474 గుండ్రనివి, 1850 ముడతలవి. అయితే ఆ మొక్కల్లో ఒకదానికి 43 గుండ్రనివి, రెండే రెండు ముడతలవి కాశాయి. ఇంకోదానికి 14, 15. ఈ రెండో మొక్కను మాత్రమే చూసినవాళ్లు నిష్పత్తి 1:1 అనుకుంటారు. ఏ తేడా నియమం వల్ల వచ్చింది, ఏది కాకతాళీయం అన్నది కంటిచూపుకు అందదు. స్టాటిస్టిక్స్ పని అక్కడే.

మొత్తం గింజలకు కై-స్క్వేర్ (వచ్చిన లెక్క అనుకున్న లెక్కకు ఎంత దూరంలో ఉందో కొలిచే పరీక్ష) వేసి చూడండి. 7324లో ముప్పాతిక 5493, పావు 1831. తేడా రెండుచోట్లా 19, దాని వర్గం 361. దాన్ని 5493తో భాగిస్తే 0.066, 1831తో భాగిస్తే 0.197. కలిపితే 0.263. రెండు రకాల గింజలే కనుక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగల అంకెల సంఖ్య) 1. దాని దగ్గర పట్టికలో 5 శాతం హద్దు, అంటే నియమం నిజమైనా కాకతాళీయంగా నూటికి ఐదుసార్లు దాటే విలువ, 3.84. మనది చాలా కింద ఉంది కనుక ఈ గింజలు 3:1ని కాదనడం లేదు. రుజువైపోయిందని మాత్రం రాయకండి, మార్కులు పోయేది అక్కడే. శాతాలు వేసుకుని ఈ పరీక్ష చేయడం ఇంకో తప్పు. 7324 గింజల సాక్ష్యం వంద గింజలకు కుదించుకుపోతుంది.

ఇప్పుడు 14, 15కి ఇదే లెక్క వేస్తే 11.05 వస్తుంది. హద్దు దాటింది. నియమం తప్పా? కాదు, అది 253లోంచి వెతికి పట్టుకున్న మొక్క. 5 శాతం హద్దు పెడితే, నియమం నిజమైనా అన్ని మొక్కల్లో పన్నెండో పదమూడో దాన్ని దాటతాయి. మనిషిలో ప్రోటీన్లకు సంకేతమిచ్చే జన్యువులు సుమారు 20 వేలు. ఒక్కోదాన్ని ఇదే హద్దుతో పరీక్షిస్తే అసలు ఏ తేడా లేకున్నా వెయ్యి దాకా తేడా ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే పరీక్షలు పెరిగేకొద్దీ హద్దు బిగించాలి. బాన్‌ఫెరోని అనే పద్ధతిలో 0.05ని, అంటే ఆ 5 శాతాన్ని, 20 వేలతో భాగిస్తారు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లి చేసిన పని, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతల విశ్లేషణ. జీవశాస్త్రానికీ లెక్కలకూ బంధుత్వం అంత దగ్గరిది.

ప్రశ్న: ఒక తొట్టిలో వర్మీకంపోస్టు వేసి, ఇంకోదానిలో వేయకుండా, ఒక్కోదానిలో 15 పెసర మొక్కలు పెంచాను. ఎత్తులు కొలిచాక మా గైడ్ 'నీ శాంపిల్ 15 కాదు, ఒకటే' అంటున్నారు. నిజమేనా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, వరంగల్

జవాబు: నిజమే. ఎరువు వేసింది తొట్టికి, మొక్కకు కాదు. ఒక తొట్టికి ఎండ ఎక్కువ తగిలినా, అడుగు చిల్లు పూడిపోయి నీరు నిలిచినా ఆ ప్రభావం 15 మొక్కల మీదా ఒకేసారి పడుతుంది. ఆ తేడాను ఎరువు తేడా నుంచి విడదీయలేరు. దీన్నే సూడోరెప్లికేషన్ అంటారు. మీ దగ్గరున్న 30 కొలతలను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. ప్రయోగం ముగిశాక స్టాటిస్టిక్స్ నిపుణుణ్ణి పిలవడం శవపరీక్షకు పిలవడం లాంటిదని బ్రిటిష్ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ 1938లో కలకత్తా సభలోనే చెప్పారు.

మళ్లీ చేయండి. ఎన్ని కుండీలు కావాలో ముందే లెక్కగట్టవచ్చు. కుండీల మధ్య స్టాండర్డ్ డీవియేషన్ (కొలతలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) సుమారు 3 సెం.మీ., మీరు పట్టుకోదలచిన తేడా 4 సెం.మీ. అనుకుందాం. ఉజ్జాయింపు సూత్రం ప్రకారం మూడును నాలుగుతో భాగించి, వర్గం చేసి, 16తో గుణిస్తే 9. అంటే పక్షానికి 9 కుండీలు. అంత తేడా నిజంగా ఉంటే, 5 శాతం హద్దు దగ్గర అది బయటపడే అవకాశం 80 శాతం. రెండు సెంటీమీటర్ల తేడానే పట్టుకోవాలంటే పక్షానికి 36 కావాలి!

మట్టినంతా ఒకే కుప్పగా కలిపి 18 కుండీలకు సమానంగా తూచి పోయండి. ఎరువు ఏ కుండీకో చీట్లు తీసి తేల్చండి. మంచి మొలకలున్న కుండీలు ఏరి వాటికే ఎరువు వేయడం పెద్ద తప్పు. ఐదేసి గింజలు నాటి, మొలిచాక మూడేసి ఉంచండి. కుండీల చోట్లు వారానికోసారి, మళ్లీ చీట్లు తీసే మార్చండి. కొలిచే మనిషికి ఏది ఎరువు కుండీయో తెలియకూడదు. మూడు మొక్కల సగటు కుండీకి ఒక్క అంకె. ఆ 9, 9 అంకెలకే టీ-టెస్ట్ (రెండు సగటుల తేడాను పరీక్షించే పద్ధతి). 18లోంచి 2 పోగా డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్ 16, 5 శాతం హద్దు 2.12.

ప్రశ్న: గ్రాఫులో సగటుకు పైనా కిందా గీసే గీతలు స్టాండర్డ్ డీవియేషన్‌కా, స్టాండర్డ్ ఎర్రర్‌కా?
– పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో చూపాలంటే మొదటిది, సగటు ఎంత నమ్మదగినదో చూపాలంటే రెండోది. డీవియేషన్ 3, కుండీలు 9 అయితే, ఆ 3ని 9 వర్గమూలంతో భాగిస్తే ఎర్రర్ 1. పొట్టిగా కనిపిస్తాయని ఎర్రర్ గీతలు గీసి, అవేమిటో చెప్పకుండా వదిలేయడం పాఠకుణ్ణి మోసగించడమే. ఏది గీశారో, ఎన్ని కుండీలో గ్రాఫు కిందే రాయండి. ఎక్సెల్‌లో చివర 'ఎస్' ఉన్న ఎస్‌టీడీఈవీ సూత్రం వాడాలి. 'పి' ఉన్నది వాడితే 9 కుండీలకు డీవియేషన్ దాదాపు 6 శాతం తక్కువ వస్తుంది.