రంగు, జాతి విషయంలో మనకు సహనం పెరిగిందా? హైదరాబాద్ నుంచి నా జవాబు

"రంగు, జాతి తేడాల విషయంలో సమాజంలో సహనం పెరుగుతోందా?" అని అడిగారు. అమెరికా సంగతి అక్కడున్నవాళ్లు చెబుతారు. హైదరాబాద్ వరకు నన్నడిగితే, ముఖం మీద అనడం తగ్గింది, అంతే.

మేముండేది టోలిచౌకి వైపు. సూడాన్, సోమాలియా, యెమెన్ నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటున్నారు, కొత్తేం కాదు. అలాంటి సూడాన్ కుర్రాడొకడు మా అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ చూసుకుని వెళ్లాడు. ఓనర్‌కి పేచీ లేదు. ఆ రాత్రే అసోసియేషన్ మీటింగ్! సెక్రటరీ గారు గొంతు సవరించుకుని, "నాకేం అభ్యంతరం లేదండీ, ఆడపిల్లలున్న బిల్డింగ్ కదా అని..." అన్నారు. ఇంకొకాయన డ్రగ్స్ అన్నాడు. ఒకావిడ వంట వాసన అంది. ఆవిడ ఎండుచేపల పులుసు పెడితే ఐదో అంతస్తు దాకా తెలుస్తుంది. లిఫ్ట్ రిపేరు కోసం పిలిస్తే మాత్రం ఇందులో సగం మంది కూడా రారు.

అందరికన్నా గట్టిగా వద్దన్నది కొడుకు డాలస్‌లో ఉన్న పెద్దాయన. 2017లో కాన్సస్ రాష్ట్రం ఓలేతలో "మా దేశం నుంచి పొండి" అంటూ హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పుడు ఈయనకు రోజుల తరబడి నిద్ర లేదు. ఆ రోజు అడ్డం వెళ్లి తూటా తిన్న ఇయాన్ గ్రిల్లట్ తెల్లవాడే. ఆ మాట ఎత్తితే "అది వేరు, ఇది వేరు" అన్నారు. ఎలా వేరో ఇప్పటికీ చెప్పలేదు.

ఇంకో తమాషా. మన ఊళ్లో ఏసీ (ఆఫ్రికన్ కావల్రీ) గార్డ్స్ అంటే నిజాం కాలంలో ఆఫ్రికన్ అశ్వికదళం ఉన్న చోటు. వాళ్ల వారసులైన సిద్దీలు ఇప్పటికీ అక్కడున్నారు. వాళ్ల మర్ఫా డప్పులు మోగితే బారాత్‌లో చొక్కా తడిసేదాకా ఎగురుతాం. అద్దెకు ఇల్లంటే మాత్రం ఆడపిల్లలు గుర్తొస్తారు.

చివరికి ఫ్లాట్ ఆ కుర్రాడికే ఇచ్చారు. అద్దె మూడు వేలు ఎక్కువ, అడ్వాన్స్ డబుల్, మెయింటెనెన్స్ కూడా పెంచి. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

అయినా సూడాన్ దాకా ఎందుకు? టులెట్ బోర్డు చూసి ఫోన్ చేయండి. అద్దె ఎంతో చెప్పకముందే "మీరేమిట్లు?" అని, అంటే కులమేమిటని, వస్తుంది. మా ఆఫీసులో ఒకతను ఆ ప్రశ్నకు జవాబు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశామండీ" అన్నారట. బోర్డు మరో నెల అలాగే వేలాడింది.