అరబ్బీ సర్కారీ మాటలకు డిక్షనరీ పనికిరాదు

వకీల్, మజ్లిస్, నియాబా లాంటి అరబ్బీ ప్రభుత్వ పదాలను ఇంగ్లీషులోకి మార్చడానికి మంచి డిక్షనరీ చెప్పమన్నారు. డిక్షనరీ పక్కన పెట్టండి. ముందు ఆ కాగితం ఏ దేశానిదో చూడండి.

కువైట్‌లో, ఫర్వానియాలోని ఒక టైపింగ్ ఆఫీసులో నేను పనిచేసేవాణ్ణి. రాయచోటి డ్రైవరు ఒకతను ఏదో కేసు కాగితం తెచ్చాడు. అరబ్బీ చదవలేడు గానీ మాట్లాడటంలో దిట్ట. నేను చదువుతుంటే "వకీల్ అన్నియాబా" దగ్గర ఆపాడు. "అమ్మయ్య, మా కఫీలు నాకు వకీలును పెట్టినాడు అన్నా!" అని ఒకటే సంబరం. కఫీలంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. అక్కడ వకీల్ నియాబా అంటే పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఇతని తరఫున వాదించడు, ఇతన్నే విచారించి కోర్టుకు పంపిస్తాడు. ఆ మాట చెప్పడానికి నాకు టీ తెప్పించాల్సి వచ్చింది. అప్పటికే ఇంకోచోట చేయించుకున్న ఇంగ్లీషు కాపీలోనూ 'అటార్నీ' అనే ఉంది, కింద గుండ్రటి స్టాంపుతో సహా. స్టాంపు ఉంటే చాలు, లోపలేం రాశారో ఎవడికీ పట్టదు.

మన తెలుగువాళ్ళకు ఇది మరీ చిక్కు. వకీలు, నాయబు, దివాణం, జిల్లా అన్నీ ఎప్పటినుంచో మన నోట్లో నలిగినవే కాబట్టి తెలిసినట్టే ఉంటుంది. 'మజ్లిస్ అన్నువ్వాబ్' అంటే హైదరాబాదువాడికి నవాబుల దర్బారే గుర్తొస్తుంది. మన నవాబు పుట్టింది ఆ మాటలోంచే, నాయబుకు బహువచనం అది. కానీ అది పార్లమెంటు సభ, అక్కడ కూర్చునేది ప్రతినిధులు. దాన్నే ఈజిప్టు, జోర్డాన్ హౌస్ ఆఫ్ రిప్రజెంటేటివ్స్ అంటాయి, ఇరాక్, బహ్రెయిన్ కౌన్సిల్ ఆఫ్ రిప్రజెంటేటివ్స్ అంటాయి. 1926లో ఫ్రెంచివాళ్ళ పెత్తనం కింద రాజ్యాంగం రాసుకున్న లెబనాన్‌కు అది ఛాంబర్ ఆఫ్ డెప్యుటీస్. ఒకే మాట, మూడు పేర్లు. 2020లో ఈజిప్టు పెట్టుకున్న 'మజ్లిస్ అష్షుయూఖ్' షేకుల సభ కాదు, సెనేట్. ఏ డిక్షనరీ చెబుతుంది ఇదంతా? ఆ దేశం తన ఇంగ్లీషు కాగితాల్లో ఏం రాసుకుంటుందో అదే రాయాలి, మన తెలివి కలపకూడదు.

వకీల్ వజారా కథ వేరే, వజారా అంటే మంత్రిత్వ శాఖ. దాన్ని ఇంగ్లీషులో అండర్ సెక్రటరీ అంటారు. ఢిల్లీలో ఆ పేరుతో ఉండేది కింది మెట్టు ఆఫీసరు. కువైట్‌లో మంత్రి తర్వాత ఆయనే, మన లెక్కలో శాఖ సెక్రటరీ. ఒక ఇంజనీరు గారైతే "ఇంత చిన్న ఆఫీసరుకా నా అర్జీ? పైవాడి పేరు రాయండి" అని గొడవకు దిగారు. "పైన మంత్రిగారొక్కరే ఉన్నారండీ" అన్నాను.