ఒకే చీరకు రెండు సైట్లలో ఆర్డర్లు పడితే?

మంగళగిరి చీరలు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో మూడింట్లోనూ పెట్టారు, ఉన్న ఒక్క చీరకు రెండు ఆర్డర్లు పడ్డాయి. ముందు పడినది పంపండి. రెండోది వెంటనే మీరే రద్దు చేసి, స్టాక్ లేదన్న అసలు కారణమే పెట్టండి. కొన్నవాళ్లకు ఫోన్ చేసి వాళ్లచేత రద్దు చేయించాలని చూడకండి, అది ఇంకో తలనొప్పి.

అమెజాన్‌లో అమ్మకందారు చేసే రద్దులు 2.5 శాతం లోపే ఉండాలి. 40 ఆర్డర్లలో ఒక్కటి రద్దయితే సరిగ్గా 2.5! చిన్న వ్యాపారికే ఈ దెబ్బ ఎక్కువ.

అందుకే ఒక్కటే ఉన్న చీరను ఒక్క సైట్లోనే పెట్టండి. అయిదారు ఉంటే ఒకటి రెండు దాచి మిగతావి చూపించండి. ఒక్కో చీరకు అన్నిచోట్లా ఒకే ఎస్‌కేయూ కోడ్ (సరుకును గుర్తుపట్టడానికి మీరు పెట్టుకునే కోడ్) వాడితే, రేపు అన్ని సైట్ల స్టాక్‌నూ ఒకేచోట చూసుకునే యూనికామర్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు మారడం తేలిక. రోజుకు పది ఆర్డర్లయితే మాత్రం, నన్నడిగితే, ఎక్సెల్ షీటే చాలు.