కిడ్నీ మార్పిడి అయింది, మిగిలిన 8 లక్షలు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నాలుగు నెలల క్రితం మా ఆవిడకు కిడ్నీ మార్పిడి జరిగింది, మా అత్తగారే ఇచ్చారు. ఆఫీసు ఇన్సూరెన్స్ 5 లక్షలూ ఆపరేషన్‌కే అయిపోయాయి. చేతిలో 8 లక్షలున్నాయి. షాద్‌నగర్ దగ్గర ప్లాటు కొనమని బావమరిది అంటున్నాడు. రిజెక్షన్ రావచ్చని డాక్టర్ చెప్పిన దగ్గర్నుంచి టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ ఏడాదికి ప్లాటు వద్దండీ. శరీరం కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడి చేయడమే రిజెక్షన్. ఉన్నట్టుండి వచ్చే అక్యూట్ రిజెక్షన్ ముప్పు తొలి నెలల్లోనే ఎక్కువ. చాలాసార్లు ఒంట్లో ఏ తేడా తెలియదు, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) మాత్రం పెరుగుతుంది. అప్పుడు వెంటనే అడ్మిషన్, బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం). మామూలుగా మూడు రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కిస్తారు. దానికి లొంగకపోతే ఏటీజీ అనే, రోగనిరోధక శక్తిని గట్టిగా అణిచే ఇంజెక్షన్లు. యాంటీబాడీల వల్ల వచ్చిందైతే ప్లాస్మా మార్పిడి, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు ఎక్కించడం). వీటి దాకా వెళ్తే బిల్లు లక్షల్లో ఉంటుంది. త్వరగా పట్టుకుంటే చాలామందికి అదుపులోకి వస్తుంది, ధైర్యంగా ఉండండి. కాకపోతే వైద్యం ఆలస్యం కాకూడదు, ప్లాటేమో ఒక్కరోజులో అమ్ముడుపోదు.

రెండు లక్షలు ఇద్దరి పేరునా ఉన్న సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. మూడు లక్షలు లిక్విడ్ ఫండ్‌లో (ఎప్పుడైనా తీసుకోగల మ్యూచువల్ ఫండ్) వేయండి, అడిగిన మరుసటి పనిదినానికి డబ్బు వస్తుంది. మిగతా మూడూ లక్ష చొప్పున ఎఫ్‌డీలు చేస్తే, ఒకటి బ్రేక్ చేసినా మిగతావి కదలవు.

మందుల దగ్గర మాత్రం పొదుపు వద్దు, ఇది గట్టిగా చెబుతున్నా. డోసులు మానేయడం రిజెక్షన్‌కు పెద్ద కారణాల్లో ఒకటి. షాపువాడు తక్కువకిస్తున్నాడని, రిజెక్షన్ రాకుండా వాడే టాక్రోలిమస్ మందు కంపెనీ మార్చకండి. రక్తంలో మందు స్థాయి అటూ ఇటూ కావచ్చు. మార్చాలంటే నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టర్ని) అడిగి, లెవెల్ పరీక్ష చేయించాకే. ఆరోగ్యశ్రీకి అర్హత ఉంటే ఏ మందులు వస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఆఫీసు పాలసీ రెన్యువల్ ఎప్పుడో హెచ్‌ఆర్‌ను కనుక్కోండి. అప్పటిదాకా ఏ ఖర్చొచ్చినా ఈ 8 లక్షల్లోంచే. బయట ఆవిడ పేరున కొత్త పాలసీ దొరకడం కష్టం, కాబట్టి ఉద్యోగం మారేముందు కొత్త కంపెనీ పాలసీలో పాత జబ్బులకు మొదటిరోజు నుంచే కవర్ ఉందో లేదో చూసుకోండి. పాత పన్ను విధానంలో ఉంటే, మీరు పెట్టిన వైద్య ఖర్చుకు 40,000 వరకు మినహాయింపు ఉంది, కానీ ఇన్సూరెన్స్ ఇచ్చిన సొమ్మును ఆ మినహాయింపులోంచే తీసేస్తారు, కాబట్టి 5 లక్షలు వచ్చిన ఏడాదికి ఏమీ మిగలదు. నెఫ్రాలజిస్టు ప్రిస్క్రిప్షన్ దాచండి.

కిడ్నీ ఇచ్చినవాళ్లకూ ఏటా బీపీ, క్రియాటినిన్, యూరిన్ పరీక్షలు ఉండాలి. ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి. మీ అత్తగారు తనంతట తాను అడగకపోవచ్చు, మీరే తీసుకెళ్లండి.